నిద్రలో చెప్పిన మాట

కాశయ్య కంటికి నిద్ర దూరమై ఏడు నెలలయింది. తమ్ముడు చిన్నయ్య రెడ్డిగారి చేలోని మోటబావిలో తేలిన తెల్లవారి నుంచి ఇదే వరస. పడుకుంటాడు, కళ్ళు మూసుకుంటాడు, రెప్పల వెనక ఎర్రగా ఏదో ఆడుతూ ఉంటుంది, అంతే. పగలు మాత్రం కర్రకు గడ్డం ఆనించి నిలబడ్డచోటే తూలేవాడు. అట్లా తూలిన ఒకనాడు గొర్లు పక్కవాళ్ళ కొర్రచేలో పడి మేసేశాయి. చేనుగలవాళ్ళు వచ్చి నోటికొచ్చినట్టు తిట్టి, రెండు పొట్టేళ్ళను బందెలదొడ్డికి తోలుకుపోయారు.

రాచర్ల చుట్టుపక్కల పల్లెల్లో కోతలయ్యాక బీడు చేలల్లో మందలు కట్టించుకుంటారు. గొర్లు రాత్రంతా ఆ చేలో పడుకుంటే మరుసటేడు చేను విరగపండుతుంది. చేనుగలవాడు కాపరికి ఇన్ని గింజలు కొలుస్తాడు. కాపరి మంద పక్కనే గొంగడి పరుచుకుని పడుకోవాలి. పడుకోవాలిగాని నిద్రపోకూడదు. నిద్రపోకపోతే తెల్లారి మేపలేడు కనుక నిద్రపోవాలి కూడా. ఈ రెంటినీ ఒకేసారి చేసే విద్యను కాశయ్యకు వాళ్ళ నాయన నేర్పాడు. ఒళ్ళు నిద్రపోతుంది, చెవి మేలుకుని ఉంటుంది. తోడేలు అడుగు పడినా, గొర్రె ఊపిరి మారినా చెవి లేపుతుంది. కాశయ్య చెవి నిద్రపోదని గిద్దలూరు తాలూకాలో పది ఊళ్ళకు తెలుసు. అందుకే అతని మందను పిలిచి మరీ కట్టించుకునేవాళ్ళు.

ఆ చెవికి ఒక మనిషి బావిలో పడ్డ చప్పుడు వినపడలేదు. ఇన్ని నెలలుగా అతన్ని తింటున్నది ఆ ఒక్క సంగతే.

ఇంకో సంగతి ఇంటి గడప దాటనిది. చిన్నయ్యకు రేచీకటి. పొద్దు గూకితే ఎదురుగా ఉన్న గొర్రె కూడా కనపడేది కాదు. ఇది బయట పొక్కితే ఆ మందను చేలోకి పిలిచే నాథుడు ఉండడు. అందుకని పేరుకు ఇద్దరు కాపర్లు, కాపలా మాత్రం కాశయ్య ఒక్కడిదే. ఆ సంగతి ఎరిగినవాళ్ళు అన్నదమ్ములిద్దరూ, వాళ్ళ పెళ్ళాలు గోవిందమ్మా శేషమ్మా. రెడ్డిగారి చేలో నాలుగో రాత్రి కాశయ్య ఒళ్ళు ఇక మాట వినలేదు. "రవ్వసేపు కూచోరా చిన్నా, నడుం వాలుస్తా. యాడికీ కదలాకు" అన్నాడు. లేచేసరికి తూరుపు తెల్లబడింది. చిన్నయ్య గొంగడి ఖాళీగా ఉంది. బావికి గట్టు లేదు.

శేషమ్మ ఆనాడు ఒక్కటే అడిగింది. "ఆయన్ను ఒంటిగా కూచోబెట్టనంటివే బావా?" ఆ తర్వాత ఆమె మళ్ళీ అడగలేదు. అదే ఇంట్లో, అదే పొయ్యి మీద వండి, అతనికి ముద్ద పెడుతూనే ఉంది.

ఊళ్ళో జిల్లా బోర్డు బడికి లక్ష్మీనరసయ్య అని ఒక అయ్యవారు ఉండేవాడు. పిల్లలకు ఎక్కాలు చెప్పడం కంటే పెద్ద పని ఏదో తన నొసట రాసి ఉందని నమ్మిన మనిషి. మద్రాసు నుంచి టపా వి.పి.పి.లో మెస్మరిజం పుస్తకం తెప్పించుకుని, అది చదివి, కరణంగారి పంటి నొప్పి తగ్గించాడు. ఒక నత్తివాడి చేత తడుముకోకుండా పేరు చెప్పించాడు. ఒకతన్ని నిద్రపుచ్చి కోడిలా కూయించాడు కూడా. దానివల్ల ఎవరికి ఏం లాభమో ఆ కూసినవాడికి తెలియదు, అయ్యవారికీ తెలియదు.

గోవిందమ్మ మొగుణ్ని రెక్క పట్టుకుని ఆయన దగ్గరికి తీసుకుపోయింది.

"అయ్యోరా, మా ఆయన్ను నిద్రబుచ్చు. నీకు పుణ్యముంటాది. పిచ్చోడైపోతా ఉండాడు."

"నిద్రంటే ఏమనుకున్నావమ్మా?" అన్నాడు అయ్యవారు, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. "మనసుకు రెండు గదులు. వచ్చేపోయేవాళ్ళు కూర్చునే ముందుగది ఒకటి, సామాను దాచుకునే లోపలిగది ఒకటి. నిద్రలో ముందుగది తలుపు పడుతుంది. కలలనేవి లోపలిగదిలో ఎలకలు చేసే చప్పుడు. మీ ఆయనకు ముందుగది తలుపు పడకుండా బిగుసుకుపోయింది. అది నేను వేస్తాను."

"ఏమో సామీ, మాది ఒంటిగది గుడిసె" అన్నాడు కాశయ్య. అయ్యవారు నవ్వలేదు.

ఆదివారం మధ్యాహ్నం బడిలో చాప మీద పడుకోబెట్టి, కళ్ళ ముందు ఇత్తడి బిళ్ళ ఊపుతూ, మెల్లగా మాట్లాడుతూ పోయాడు. కాళ్ళు బరువెక్కుతున్నాయి, చేతులు బరువెక్కుతున్నాయి, నా మాట తప్ప ఏదీ వినపడదు. కాశయ్యకు తెలిసింది అంతవరకే. మళ్ళీ తెలివి వచ్చేసరికి పొద్దు వాలింది. నోటి పక్కన చొంగ కారి ఎండింది. తడిగుడ్డతో లోపలంతా తుడిచినట్టు ఉంది. అతను గోడకు ఆనుకుని కూర్చుని, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

మూడు ఆదివారాలు అట్లా గడిచాయి. గోవిందమ్మ అయ్యవారింటికి నెయ్యి మోసింది. చూడటానికి జనం పోగవసాగారు. గొర్లోళ్ళ పెద్ద ఆదెయ్య వచ్చాడు, టపా మోసే ఏసుదాసు వచ్చాడు. నాలుగో ఆదివారం శేషమ్మ కూడా వచ్చి ద్వారం దగ్గర నిలబడింది.

ఆ నాలుగో ఆదివారం కాశయ్య లేచేసరికి బడిలో చప్పుడు లేదు. జనం ఉన్నారు, అయినా చప్పుడు లేదు. ఎవరూ అతని వైపు చూడటం లేదు. అయ్యవారి నుదుట చెమట. శేషమ్మ నిలబడిన చోట శేషమ్మ లేదు.

"ఏమాయె? నిద్రలో ఏమన్నా కూసినానా నేను గూడా?" అన్నాడు కాశయ్య నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. గోవిందమ్మ అతని చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది. తలుపు మూసి, గొంతు తగ్గించి, జరిగింది చెప్పింది.

పుస్తకంలో ఒక అధ్యాయం ఉందట. మనిషి మరిచిపోయినవి, దాచుకున్నవి నిద్రలో బయటికి లాగవచ్చునట. అయ్యవారికి అది చేసి చూడాలనిపించింది. చేయమని ఎవరూ అడగలేదు. "కాశయ్యా, ఇది ఆ రాత్రి. మంద పక్కన ఉన్నావు" అన్నాడు. కాశయ్య "ఉండాను" అన్నాడు. "నీకు మెలకువ వచ్చింది" అన్నాడు అయ్యవారు. "వచ్చింది" అన్నాడు కాశయ్య. "లేచావు. చిన్నయ్య ఎక్కడున్నాడు?" "బాయికాడ." "నువ్వెక్కడున్నావు?" "ఎనకాల." "నీ చేతులు ఏం చేస్తున్నాయి?"

"అప్పుడు నీ చేతులు రెండూ పైకి లేచినాయి" అంది గోవిందమ్మ. "ముందరికి చాపినావు. తోస్తా ఉండాయి అన్న్యావు."

"నేనా?"

"నీ నోటితోనే. నా రెండు చెవులతో విన్న్యా."

"నేను లేవనే లేదు గదే! తెల్లారేదాకా లేవనే లేదు!"

"నాకేం తెలుసు?" అంది గోవిందమ్మ. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె అతన్ని అట్లా చూడటం అదే మొదలు.

ఆ పల్లెల్లో పూనకం వచ్చినవాడి నోటి మాటకు ఎదురు లేదు. అమ్మవారు పూని దొంగ పేరు చెబితే ఆ దొంగ ఊరు విడవాల్సిందే. కోర్టులో సాక్షికైతే ప్లీడరు అడ్డుప్రశ్న వేస్తాడు, పూనకానికి ఎవడు వేస్తాడు? కళ్ళు మూసుకుని, ఒళ్ళు తెలియకుండా పలికినవాడు తన సొంత మాట పలకడని వాళ్ళ నమ్మకం. మెస్మరిజం అన్న పేరు వాళ్ళకు నోరు తిరగలేదు గాని, చూసింది మాత్రం వాళ్ళకు తెలిసిందే. అయ్యవారు అడిగాడు, కాశయ్య లోపల నుంచి ఏదో పలికింది. అది అబద్ధం చెప్పదు. పుస్తకం చదివిన అయ్యవారు కూడా అదే మాట అంటుంటే ఇక అనుమానం దేనికి?

కాశయ్య మొదటి రెండు రోజులు అరిచాడు, కొట్లాడాడు. మూడో రోజు మందను మేతకు తోలి, తుమ్మచెట్టు కింద కూర్చుని, ఆ రాత్రిని మొదటి నుంచీ తలుచుకున్నాడు. పడుకున్నాడు. ఆ తర్వాత తెల్లారింది. మధ్యలో ఏమీ లేదు. ఆ లేనిచోట అయ్యవారి మాటలు ఒక్కొక్కటీ వచ్చి కూర్చున్నాయి. మెలకువ వచ్చింది. లేచావు. నీ చేతులు ఏం చేస్తున్నాయి? నాలుగో రోజుకు చిన్నయ్య వీపు కనపడింది. ఆరో రోజుకు అరచేతులకు గొంగడి గరుకు తగిలింది, దాని కింద తమ్ముడి భుజాల ఎముకలు తగిలాయి. చేతులు తుమ్మచెట్టుకేసి రుద్దుకున్నాడు, నెత్తురు వచ్చేదాకా. ఆ గరుకు పోలేదు.

అతను బడికి పోయాడు. అయ్యవారు బోర్డు తుడుస్తున్నాడు.

"అయ్యోరా, నిజం చెప్పు. నిద్రలో పలికింది నిజమేనా?"

"లోపలిగది అబద్ధమాడదని పుస్తకంలో ఉంది."

"ఎవరికైనా?"

"ఎవరికైనా."

"మరి లోపలిగదిలో నువ్వు దూరి ఏమన్నా పెట్టి వచ్చినావేమో?"

అయ్యవారి చెయ్యి ఆగింది. చదువురాని గొర్లకాపరి అడిగిన ప్రశ్న పుస్తకంలో ఉందో లేదో ఆయనకు గుర్తులేదు. ఆ వారం ఆయన పుస్తకాన్ని మళ్ళీ చివరిదాకా చదివాడు. చదివి ఉండకపోతే బాగుండేదేమో. చివరి అధ్యాయంలో రాసి ఉంది, నిద్రపుచ్చినవాడు ఏది సూచిస్తే నిద్రపోయినవాడు అదే పలుకుతాడనీ, జాగ్రత్తగా ఉండాలనీ. జాగ్రత్తలను చివరి అధ్యాయంలో రాసిన పెద్దమనిషి, వాటిని మొదటి అధ్యాయంలో ఎందుకు రాయలేదో మరి. ఈలోగా ఊళ్ళో పోలీసు మాట కూడా పుట్టింది. అయ్యవారికి తన ఉద్యోగం గుర్తుకొచ్చింది. తన తప్పును తానే దిద్దుతానని ఊరందర్నీ బడికి రమ్మన్నాడు.

ఏసుదాసుకు చేయబోయేది ముందే చెప్పి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. కాశయ్యను నిద్రపుచ్చాడు.

"చూడండి. ఏసుదాసు ఇదుగో, బతికే ఉన్నాడు గదా?"

"పొద్దున చద్దన్నం తిని వస్తి" అన్నాడు ఏసుదాసు. "నన్ను చంపినా ఉత్తరాలు ఆగవులే కాశయ్య మామా, కానీ."

జనం నవ్వారు. అయ్యవారు చాప మీదికి వంగి, "కాశయ్యా, నిన్న నువ్వు ఏసుదాసును చంపావు. ఎక్కడ చంపావు?" అన్నాడు.

"వాగులో" అన్నాడు కాశయ్య.

"దేంతో?"

"గొడ్డలితో."

"ఎక్కడ దాచావు గొడ్డలి?"

"ఇసకలో పూడ్చినా. టపా సంచి గూడా." కాశయ్య కంట్లోంచి నీళ్ళు కారాయి. "అమ్మా అని అరిచినాడు."

అయ్యవారు లేచి నిలబడి చేతులు చాపాడు. "చూశారా? నేను చెప్పిందే చెప్పాడు. ఇది ఎంత అబద్ధమో అదీ అంతే అబద్ధం. ఈ మనిషి ఏ పాపం ఎరగడు."

కోర్టులో అయితే అక్కడితో కేసు కొట్టేసేవాళ్ళు. బడిలో ఎవరూ కదల్లేదు. ఏసుదాసు ముఖంలో రంగు పోయింది. వాగు దాటి కదా అతను రోజూ టపా మోసేది. ఆదెయ్య తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకుంటూ అన్నాడు.

"ఒకటి జరిగిపోయింది. ఇంగొకటి జరగబోతాది. అంతేగదా అయ్యోరా?"

"అది కాదయ్యా..."

"ఇసకలో పూడ్చింది గూడా చెప్తా ఉండాడు గదా. నువ్వు సంచి మాట అడగనే లేదే. వాడికెట్ల తెలిసె?"

అయ్యవారు చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. మరునాటి నుంచి ఏసుదాసు వాగు దారి మాని మూడు మైళ్ళు చుట్టు తిరిగి రాసాగాడు. మామా అని పిలవడం మానేశాడు. నెల తిరక్కముందే అయ్యవారు ఎవర్నో పట్టుకుని మార్కాపురం వైపు బదిలీ చేయించుకున్నాడు. ఆయన బండి ఊరు దాటిన సంగతి కాశయ్యకు రెండు రోజుల తర్వాతగాని తెలియలేదు.

ఇక మిగిలింది ప్రమాణం.

గొర్లోళ్ళలో నేరం మోపబడినవాడు గుడి ముందు ప్రమిదలో దీపం వెలిగించి, నేను చేయలేదు అని ఆ దీపాన్ని అరచేత్తో ఆర్పాలి. అబద్ధమైతే వంశం ఆ దీపంలా ఆరిపోతుందంటారు. ఆర్పినవాణ్ని మళ్ళీ ఎవరూ ఒక్క మాట అనకూడదు, ఆ కట్టుబాటు గట్టిది. పొట్టేళ్ళు దొంగిలించినవాళ్ళు ఆర్పారు, గట్లు జరిపినవాళ్ళు ఆర్పారు. ఆర్పి మనవళ్ళను ఎత్తుకున్నారు. రెప్పపాటు పని అది.

"ఆర్పేసి ఇంటికి రా" అంది గోవిందమ్మ, పొద్దున ముద్ద పెడుతూ. "ఇంగేం ఆలోచించొద్దు. నీ కాళ్ళు మొక్కుతా."

ఆనాటి సాయంత్రం గుడి ముందు అందరూ కూర్చున్నారు. ఆదెయ్య వత్తి వెలిగించాడు. కాశయ్య దీపం ముందు గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు శేషమ్మ లేచింది.

"పెదనాయనా, నేనొక మాట చెప్పాల. మా ఆయనకు రేచీకటి. రాత్రి కండ్లు కనపడవు. కాలు జారి పడుంటాడు."

జనంలో గుసగుసలు లేచాయి. ఆదెయ్య ఆమె వైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"మందను ఎవురూ పిలవరని."

"కండ్లు కనపడనోణ్ని తోసేది ఇంగా సులువు గదా. కాశయ్య చెవి సంగతి ఊరికి తెలుసు. ఎలక పారితే లేచేవాడు, తమ్ముడు పడితే లేవలేదా?"

శేషమ్మ కాశయ్య ఎదురుగా, దీపానికి అవతల కూర్చుంది.

"బావా, ఇట్ల చూడు. నువ్వు చేయలేదని ఒక్క మాట చెప్పు. నేను నమ్ముతా. నీ ఇంట్లోనే పడి ఉంటా."

కాశయ్య చెయ్యి చాపాడు. అరచెయ్యి మంట మీద నిలిచింది. వేడి తగులుతోంది. ఆ వేడి కింద ఆ గొంగడి గరుకు కూడా తగులుతోంది.

"గుర్తుకొస్తా ఉందమ్మా" అన్నాడు. "జరిగినట్టే గుర్తుకొస్తా ఉంది."

"ఏసుదాసును నరికింది గూడా గుర్తుకొస్తా ఉందా?"

"వస్తా ఉంది. అమ్మా అని అరిచింది గూడా."

"ఆయన ఆడ కూచోని ఉండాడు గదా బావా! అది అబద్ధం గదా!"

"అబద్ధమే. ఆ మనిషి బతికుండబట్టి అది అబద్ధమని తెలిసె. చిన్నా గూడా లేచొచ్చి, నువ్వు తోయలేదన్నా అని చెప్తే, ఇది గూడా అబద్ధమే అనుకుంటా. ఎట్ల వస్తాడు వాడు?"

"నీ మనసుకు తెలీదా?"

"నా మనసు ఎవురు ఏం చెప్తే అది చెప్తాందమ్మా. దాని మాట పట్టుకొని ఎట్ల ఆర్పేది?"

దొంగలందరూ రెప్పపాటులో చేసిన పనిని, ఏమీ ఎరగని కాశయ్య చేయలేక కూర్చున్నాడు. అరచేతి మధ్య చర్మం ఎర్రబడి, బొబ్బ లేచింది. అయినా చెయ్యి కిందికి దిగలేదు, పక్కకూ పోలేదు.

గోవిందమ్మ ఇక ఆగలేకపోయింది. ఆడవాళ్ళ మధ్య నుంచి పరుగున వచ్చి, అతని మణికట్టు రెండు చేతులతో పట్టుకుని, దీపం మీదికి అదిమేసింది. చమురు ఒలికి మంట ఆరిపోయింది.

"ఆర్పినాడు! అందరూ చూసినారు గదా, ఆర్పినాడు!"

"చెల్లదు" అన్నాడు ఆదెయ్య.

మళ్ళీ వెలిగించమని ఎవరూ అడగలేదు. కాశయ్య కూడా అడగలేదు.

ఊరు విడవమన్నారు. చిన్నయ్య వంతు గొర్లు శేషమ్మకు పోవాలన్నారు. మూడో నాడు కంభం దారిలోని పుట్టింటి నుంచి ఆమె అన్న మల్లన్న వచ్చాడు. చెవుల గుర్తులు చూసి, చిన్నయ్య గొర్లను విడదీసి, తోలుకుపోదామంటే అవి కదల్లేదు. మల్లన్న అదిలించాడు, కొట్టాడు. నాలుగడుగులు వేసి తిరిగి కాశయ్య దొడ్డి ముందుకే వచ్చి నిలబడ్డాయి. వాటికి పుట్టినప్పటి నుంచీ తెలిసిన కూత ఒక్కటే.

శేషమ్మ వచ్చి గుమ్మం బయట నిలబడింది. లోపలికి చూడలేదు.

"అవి మాతో రావడం ల్యాదు" అంది. బావా అనలేదు.

కాశయ్య కట్టు కట్టిన చేత్తో కర్ర తీసుకుని బయటికి వచ్చాడు. ముందు నడుస్తూ కూత వేశాడు. గొర్లన్నీ ఒక్కసారిగా తలలెత్తి అతని వెంట పడ్డాయి. వెనక మల్లన్న, అతని వెనక శేషమ్మ. పొలిమేర రాయి దాకా అట్లాగే నడిచారు.

రాయి దగ్గర అతను పక్కకు తొలగి దారి వదిలాడు. గొర్లు కూడా ఆగిపోయాయి. మల్లన్న వెనక నుంచి తోలుతుంటే, ముందున్న ముసలి గొర్రె మెడ తిప్పి కాశయ్య వైపు చూసి అరిచింది. జవాబుగా కూత అతని గొంతులోకి దానంతట అదే వచ్చేసింది. వేస్తే అన్నీ వెనక్కి మళ్ళుతాయి. కాశయ్య తలగుడ్డ అంచు నోట్లో కుక్కుకుని, వంగి రాళ్ళు ఏరుకుని, వాటి మీదికి విసరసాగాడు.